పండుగ పేరుకు పెద్దబడి

మన లిపిలో పెద్దబడి, చిన్నబడి అన్న భేదం లేదు. మన వ్యాకరణంలో 'ఎ', 'ది' వంటి ఉపపదాలూ లేవు. అందుచేత పండుగల పేర్లను ఇంగ్లీషులో వ్రాయవలసి వచ్చినపుడు మన పిల్లలు రెండు చోట్ల తడబడతారు. మొదటి అక్షరం పెద్దబడిలో వేయాలా? ముందు 'ది' పెట్టాలా? సూత్రం బట్టీపట్టిస్తే మార్కులు వస్తాయి గాని సందేహం తీరదు. అది తీరాలంటే చరిత్ర చూడాలి.

'హాలిడే' అన్న మాటనే తీసుకుందాం. ప్రాచీన ఆంగ్లంలో 'హాలిగ్' అనగా పవిత్రం. దానికి దినవాచకం చేరి పవిత్రదినం అయినది. కాలక్రమాన ఆ పవిత్రత జారిపోయి, ఏ సెలవుకైనా ఆ మాట చెల్లింది. జాతివాచకం కనుక నేడు చిన్నబడితోనే వ్రాస్తారు. 'క్రిస్మస్' త్రోవ వేరు. క్రీస్తు పేరిట జరిగే 'మాస్' అనే ఆరాధన అని దాని అవయవార్థం. ఆ రెండు మాటలూ కలిసి ఒక్క పండుగకే కట్టుబడినవి. దీనినే మన శాస్త్రకారులు యోగరూఢి అన్నారు. బురదలో పుట్టినవన్నీ పంకజాలు కావు, దీపాల వరుసలన్నీ దీపావళి కావు. మనం సందర్భాన్నిబట్టి గ్రహించే రూఢిని ఇంగ్లీషు పెద్దబడితో కంటికి చూపుతుంది.

అయితే ఈ నియమం ఆదినుండీ ఉన్నది కాదు. 17వ శతాబ్ది చివర, 18వ శతాబ్ది తొలి భాగంలో ఇంగ్లండు ముద్రాపకులు జాతివాచకాలకు సైతం విరివిగా పెద్దబడి వేసేవారు. జర్మను భాష నేటికీ ఆ పద్ధతినే పాటిస్తున్నది. 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన చర్మపత్రంలో 'లైఫ్', 'లిబర్టీ', 'హ్యాపీనెస్' అన్నవి పెద్దబడిలో ఉన్నవి, వాటి సరసనే ఉన్న 'పర్స్యూట్' చిన్నబడిలో ఉన్నది. చిత్తుప్రతి వ్రాసిన జెఫర్సన్‌కు వాక్యాన్నే చిన్నబడితో మొదలుపెట్టే అలవాటుండేది! ఆ శతాబ్ది చివరికి ఈ విరివి తగ్గి, పెద్దబడి ముఖ్యంగా సంజ్ఞావాచకాలకు మిగిలింది.

ఇక 'ది' సంగతి. ఆ ప్రకటన ఆమోదం పొందిన రోజును అమెరికావారు 'ఇండిపెండెన్స్ డే' అంటారు, ముందు 'ది' లేదు. అదే పండుగను 'ది ఫోర్త్ ఆఫ్ జులై' అన్నపుడు 'ది' వచ్చింది. మొదటిది పుట్టుకతోనే పేరు. రెండవది తేదీగా పుట్టి పేరైనది. 'నాల్గవది' అనే వరుససంఖ్యకు ముందుండే 'ది' పుట్టుమచ్చవలె నిలిచిపోయింది. మరొకటి. ఏటేటా వచ్చే 'క్రిస్మస్'కు 'ది' అక్కరలేదు. కాని పశ్చిమ రణరంగంలో కొన్నిచోట్ల బ్రిటిషు, జర్మను సైనికులు తుపాకులు ప్రక్కనబెట్టి పలకరించుకున్న ఆ ఒక్క ఏటి పండుగను చెప్పాలంటే 'ది క్రిస్మస్ ఆఫ్ 1914' అనవలసినదే.

కనుక మనం మినహాయింపులని విసుగుకునేవి నిజానికి మాటల జీవితచరిత్రలు. 'ఎందుకు మాస్టారూ?' అని పిల్లవాడు అడిగినపుడు 'అదంతే' అనడం కంటె ఈ కథ చెప్పడం మేలు. మిత్రులు తమకు తోచిన ఉదాహరణలు తెలుపగలరు.