బ్రోచర్లో తేనెటీగ, కందిచేలో తేనెటీగ

సంగారెడ్డి దాటి ముంబై హైవే మీద సదాశివపేట వైపు పోతుంటే రోడ్డుకి రెండు పక్కలా ఫామ్ ప్లాట్ల హోర్డింగులే. ఐదు గుంటలు, పది గుంటలు, కావాలంటే ఈఎంఐ. బొమ్మలో ఒక పెంకుటిల్లు, చిన్న కుంటలో తెల్లబాతులు, కంచె పక్కన తేనెపెట్టె, దాని వెనక నీలంగా మెరిసే బెర్రీ పొదలు. అవి బ్లూబెర్రీలే అయితే ఇక్కడి నల్లరేగడిలో బతకవు, వాటికి ఆమ్లగుణం ఉన్న నేల కావాలి. బాతుల మాటంటారా, 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించిన అమీన్‌పూర్ చెరువులో అడవి బాతులున్నాయి, ఎవరూ పెంచకుండానే. నన్ను పట్టుకున్నది మాత్రం ఆ తేనెపెట్టె. ఈ ప్రాంతంలో తేనెటీగ కథ చెప్పాలంటే పెట్టె దగ్గర మొదలుపెడితే కుదరదు. కందిచేను దగ్గర మొదలుపెట్టాలి.

మన మెట్టనేలల్లో తేనె పెట్టే ఈగలు ముఖ్యంగా మూడు రకాలు. ఎత్తైన చెట్లకీ బండలకీ ఒకే పెద్ద పట్టు పెట్టే కొండ తేనెటీగ. పొదల్లో అరచేతంత పట్టు పెట్టే జుంటీగ. చెట్టు తొర్రల్లో ఉండేది మూడోది. వీటిలో పెట్టెలోకి వచ్చేది ఈ మూడోదొక్కటే. 1990ల మొదట్లో ఒక వైరస్ తెగులు వచ్చి దక్షిణ భారతంలో ఆ పెట్టెల్ని చాలావరకు ఖాళీ చేసేసింది. ఆ జాగాలోకి వచ్చింది 1960లలో పంజాబ్ వైపు స్థిరపడిన ఇటలీ జాతి ఈగ. బ్రోచర్లో బొమ్మ దానిదే. కంది పూత మీద పని చేసేవాళ్లలో ముఖ్యులు వేరే. ఒకటి ఆ కొండ తేనెటీగ. ఇంకొకటి ఆకుల్ని గుండ్రంగా కత్తిరించుకుపోయి గూడు కట్టుకునే ఒంటరి ఈగ. రెండూ ఎవరి పెట్టెలోనూ ఉండవు.

1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ వచ్చింది. దానికోసం దాదాపు 1,400 హెక్టార్లు తీసుకున్నారు. ఆ భూమిలో ఉన్న మన్మూల్, కాచిరెడ్డిపల్లి అనే రెండు ఊళ్లు లేచిపోయాయి. చుట్టూ కంచె పడింది. జొన్న, సజ్జ, శనగ, వేరుశనగ, కంది మీద పరిశోధన మొదలైంది. మిగతా పప్పుపంటల దగ్గర లేని చిక్కు కంది దగ్గర ఎదురైంది. కంది పువ్వు విచ్చుకోకముందే లోపల పుప్పొడి రాలుతుంది, ఆ లెక్కన దాని పని అదే చూసుకోవాలి. కానీ విచ్చుకున్నాక ఈగ వచ్చి వాలుతుంది, పక్క మొక్క పుప్పొడి తెచ్చి రుద్దుతుంది. ఈ సంగతి 1919లోనే పూసాలో ఆల్బర్ట్ హోవర్డ్, గాబ్రియేల్ హోవర్డ్, అబ్దుర్ రహమాన్ ఖాన్ రాసిపెట్టారు. ఎంత శాతం పువ్వులు ఇలా పరపరాగమవుతాయన్నది చోటును బట్టి మారుతుంది. ఒక్కోచోట ఇరవై దాటుతుంది.

విత్తన బ్యాంకు నడిపేవాళ్లకి ఇది దొంగతనంతో సమానం. వేల రకాల కందుల్ని ఏ రకానికా రకంగా నిలబెట్టాలి. ఈగ పడితే పక్క వరుసతో కలిసిపోతాయి. అందుకని పూత సమయంలో మొక్కలకి పల్చటి గుడ్డ సంచులు తొడిగారు, వలలు కప్పారు. చేనంతా ముసుగులేసుకున్న పెళ్లికూతుళ్లలా ఉంటుందని నాకెప్పుడూ అనిపిస్తుంది.

తమాషా ఏంటంటే, అదే సంస్థలో అవే ఏళ్లలో ఇంకో జట్టు ఆ ఈగనే పనిలో పెట్టుకోవాలని చూసింది. 1970లలో జెర్మ్‌ప్లాజం గాలిస్తుంటే పుప్పొడి తయారు కాని కంది మొక్కలు దొరికాయి. 1978లో ఆ సంగతి ప్రచురించారు. పుప్పొడి లేని మొక్కకి కాయ పట్టాలంటే బయటినుంచి ఎవరో తేవాలి. గాలి వల్ల కాదు, కంది పుప్పొడి జిగురుగా, బరువుగా ఉంటుంది. ఈగే తేవాలి. 1991లో ఐసీపీహెచ్ 8 విడుదలైంది. పప్పుధాన్యాల్లో ప్రపంచంలోనే మొదటి హైబ్రిడ్‌గా దాన్ని చెప్తారు. కానీ రైతుల దగ్గర అది నిలవలేదు. విత్తనం తీసే చేలో ఆడ వరుసల్లో సగం మొక్కలు పుప్పొడి ఉన్నవే మొలుస్తాయి. పూత మొదలవగానే ఒక్కో మొక్క దగ్గరా ఆగి, మొగ్గ చిదిమి చూసి, వాటిని పీకేయాలి. ఇంత కూలి పెట్టి ఏ కంపెనీ విత్తనం తీస్తుంది? తర్వాత కందికి దగ్గరి చుట్టమైన ఒక అడవి మొక్క సాయంతో ఆ పీకుడు పని తప్పించారు. ఆ దారిలో వచ్చిన ఐసీపీహెచ్ 2671 2010కి బయటికొచ్చింది. కె.బి. సక్సేనా పేరు ఈ కథంతటితో ముడిపడి ఉంటుంది.

అంతా అయ్యాక కూడా ఒక పని మిగిలిపోయింది. మగ వరుస నుంచి ఆడ వరుసకి పుప్పొడి మొయ్యడం. దానికి యంత్రం రాలేదు. విత్తన క్షేత్రం ఎక్కడ పెట్టాలో చెప్పేటప్పుడు మొదట చూసే వాటిలో ఒకటి, అక్కడ ఈగలు తిరుగుతాయా లేదా అన్నది.

పెంచలేని ఈగ రావాలంటే కంది పూత లేని నెలల్లో కూడా దానికి తిండి ఉండాలి. అది ఎక్కడిది? గట్ల మీదిది. వానాకాలం చివర్లో రేగు పూస్తుంది. ఆ పూత వాసన మనకి నచ్చదు గానీ ఈగలకి అదే పండగ. తర్వాత కంది. సంక్రాంతి దాటాక జహీరాబాద్ వైపు కుసుమ. ఎండలు ముదిరే వేళకి వేప, కానుగ, వాక్కాయ, ఆపైన చింత. వాక్కాయ, రేగు, పరికి, ఇవే మన బెర్రీ పొదలు. ఎవరూ నాటలేదు. గొర్లు రాకుండా కంపలా ఉంటాయని ఉంచారు, పిల్లలు ముళ్లు గుచ్చుకుంటూ తిన్నారు. చిన్న కమతమంటే చేనొక్కటే కాదు, ఈ గట్టు కూడా.

ఇక్రిశాట్ కంచె బయట ఇంకో చరిత్ర నడిచింది. మందుల ఫ్యాక్టరీలు వచ్చాయి, నక్కవాగు రంగు మారింది, 1990లో కేసు సుప్రీంకోర్టుకి వెళ్లింది. ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదాని కన్నా ఎక్కువది. రైతులకి నష్టపరిహారం తరి ఇన్ని ఎకరాలు, మెట్ట ఇన్ని ఎకరాలు అని లెక్కగట్టారు. గట్టుకి ఎకరం ఉండదు కాబట్టి ఆ లెక్కలోకి రాలేదు. జిల్లాకి ఆ చివర జహీరాబాద్ దగ్గర, 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఒకే చేలో పది పదిహేను పంటలు కలిపి వేస్తూ, కలుపు అని పీకేసే ఆకుల్ని కూరగా వండుకుంటూ, ఆ గట్టునీ చేనునీ కలిపే చూశాయి. ఇప్పుడు ప్లాట్ల వెంచర్లు అటు కూడా చేరుతున్నాయి. వెంచర్ వేసేవాళ్లు మొదట చేసే పని కంప కొట్టి ప్రీకాస్ట్ గోడ నిలబెట్టడం.

మా అపార్ట్‌మెంట్ పటాన్‌చెరుకి దగ్గర్లోనే. పోయిన నవంబర్లో ఎనిమిదో అంతస్తు బాల్కనీ కింద కొండ తేనెటీగలు పట్టు పెట్టాయి. వాట్సాప్ గ్రూపులో ఒక రోజంతా అదే చర్చ. పిల్లలున్నారు, అలర్జీలున్నాయి, ఆ భయం అబద్ధం కాదు. వాచ్‌మన్ తాతది న్యాల్‌కల్ వైపు ఊరు. “జెర ఆగున్రి మేడం, కంది పూత అయిపోతే అవే పోతయ్” అన్నాడు. నేను గ్రూపులో అదే రాశాను. ముగ్గురు నవ్వు బొమ్మలు పెట్టారు. ఆ రాత్రే పెస్ట్ కంట్రోల్ వాళ్లొచ్చారు. పొద్దున తాత చీపురుతో ఊడ్చి ఎత్తితే ఒకటిన్నర బకెట్ అయ్యింది.