నగరపాలనకు రెండు త్రోవలు

బేగంపేటలోని పైగా ప్యాలెసున 2008లో వెలసిన అమెరికా కాన్సులేటు 2023లో నానక్‌రామ్‌గూడకు తరలినది మొదలు, సర్టిఫికెట్ల ఫైలు గుండెకు హత్తుకొని వరుసలో నిలుచు యువజనులును, రోడ్డు వారను ఎదురుచూచు తల్లిదండ్రులును అచట నిత్యము కానవచ్చుచున్నారు. వారి నోట కొలువు, జీతము, గ్రీన్‌కార్డు అను మాటలే గాని, వలసపోయినవాడు అచటి ఊరిని పాలింపనుగలడను మాట అరుదు.

ఐర్లండువారి కథ వేరు. మేయో ప్రాంతపు బొహోలా గ్రామమున 1890లో జన్మించిన విలియం ఓడ్వయర్ 1910లో న్యూయార్కు చేరి, ఆవిరిపడవలో బొగ్గు వేసి, కట్టడముల కడ కూలిచేసి, 1917లో పోలీసు కొలువున ప్రవేశించి, ఫోర్డ్‌హామ్ విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము చదివి 1923లో పట్టము గ్రహించి, తుదకు 1946లో ఆ మహానగరమునకే మేయరయ్యెను. పోలీసుల లంచముల గొడవ ముదురగా 1950లో పదవి వీడుట ఆ చరిత్రకు మచ్చయే. అయినను ఆతని యున్నతికి కష్టమొక్కటియే కారణము కాదు. ఐర్లండువానికి పౌరసత్వమున చట్టము అడ్డు చెప్పలేదు, ఓటు త్వరగా చేతికందెను, వీధివీధిని ఓట్లు కూడగట్టు పార్టీ అండగా నిలిచెను.

మనవారికో, ఓడ్వయర్ పట్టభద్రుడైన ఆ 1923లోనే, భారతీయుడైన భగత్ సింగ్ థింద్ వ్యాజ్యమున అమెరికా సుప్రీంకోర్టు పౌరసత్వమునకు అనర్హత విధించెను. ఆతడు మేయరైన 1946లోగాని ఆ నిషేధము తొలగలేదు. 1965 నాటి చట్టముతోగాని వలస విరివి కాలేదు.

అటుపిమ్మట వెళ్లినవారిలో, 1950లో నెల్లూరున జన్మించిన చివుకుల ఉపేంద్ర ఒకరు. గిండీ కళాశాలలో ఇంజనీరింగు చదివి 1974లో అమెరికా చేరిన ఆయన, న్యూజెర్సీలోని ఫ్రాంక్లిన్ టౌన్‌షిప్ కౌన్సిలుకు 1997లో ఎన్నికై, 2000లో మేయరై, 2001లో ఆ రాష్ట్ర శాసనసభకు ఎన్నికైన తొలి దక్షిణాసియా సంతతివాడై, డిప్యూటీ స్పీకరు పదవిని సైతము అలంకరించెను. 2012లో కాంగ్రెసుకు పోటీచేసి ఓడినను, ఆ జీవితమున నాకు మిన్నగా తోచునది ఇంటిపన్ను, రోడ్డు మరమ్మతు, స్థలముల అనుమతులు చర్చించు ఆ చిన్న కౌన్సిలే. పరదేశమున ఇరుగుపొరుగువారి ఓటు గెలుచుట శాసనసభాప్రవేశముకంటె సులభమని నేననుకొనను.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారు తమ ఊరి కౌన్సిలు సమావేశములకు వెళ్లి కూర్చుండవలెనని నా మనవి. న్యూజెర్సీలో ఆ సభలు ప్రజలెల్లరకును బహిరంగముగ జరుగవలెనని చట్టమే యున్నది.