రాయల్టీ ధర్మము – దొంగ శ్రోతలు

1847వ సంవత్సరారంభమున తిరువయ్యారులో త్యాగరాజస్వామి సిద్ధి పొందిరి. తమిళదేశమున నుండి తెలుగున వందలకొలది కృతులు రచించిన ఆ మహానుభావులు ఉంఛవృత్తితో జీవించిరే గాని పాటకు వెల కట్టలేదు. ఆ సంవత్సరముననే పారిస్ నగరమున ఎర్నెస్ట్ బూర్జే అను గేయరచయిత యొక కాఫీశాలలో తన పాటనే ఆలపించుచుండగా విని, తాను త్రాగినదానికి వెల నీయ నిరాకరించెను. తన పాటతో లాభము గడించు యజమాని తనకేమియు నీయనప్పుడు తానేల ఈయవలెనని యతని వాదము. న్యాయస్థానము లతని పక్షమే వహించినవి. 1851లో రచయితలు, స్వరకర్తలు, ప్రచురణకర్తలు కలిసి ‘సాసెమ్’ అను సంఘమును స్థాపించిరి. పాట వినిపించినప్పుడెల్ల దాని కర్తకు భాగము రావలెనను ధర్మమునకు ఇదియే సుస్థిరమైన పునాది.

త్యాగరాజ కృతులపై నేడెవరికిని కాపీరైటు లేదు. కాని వానిని పాడి రికార్డు చేసిన గాయకుని శ్రమకు హక్కు కలదు. సభలలోను, పెండ్లిండ్లలోను పాడి కుటుంబమును పోషించుకొను విద్వాంసునకు ఈ హక్కు అలంకారము కాదు, అన్నము.

మన దేశమున ఈ హక్కు సులభముగా రాలేదు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గానము గ్రామఫోను రికార్డుల కెక్కెను. 1957లో కాపీరైటు చట్టము, 1969లో ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ యేర్పడినవి. అయినను, చలనచిత్రమునకై వ్రాయించిన పాటపై వేరు ఒడంబడిక లేనిచో నిర్మాతకే హక్కని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2012 నాటి చట్టసవరణతో గాని గేయకర్తకును, స్వరకర్తకును రాయల్టీలో విడదీయరాని భాగము లభింపలేదు. గాయకుల హక్కులును అప్పుడే బలపడినవి.

ఇంతలో పాట స్ట్రీమింగు లోనికి మారెను. ఇచ్చట రాయల్టీ పంచు విధానమును గ్రహించినగాని మోసము బోధపడదు. చందాదారుల సొమ్ము, ప్రకటనల సొమ్ము ఒకే రాశిగా పోసి, మొత్తము వినికిడుల లెక్కను బట్టి పంచుట సాధారణ పద్ధతి. ఉదాహరణకు, రాశి లక్ష రూపాయలు, వినికిడులు పది లక్షలు అనుకొందము. ఒక్కొక్క వినికిడికి పది పైసలు వచ్చును. పదివేల వినికిడులు గల గాయనికి వేయి రూపాయలు ముట్టును. ఒక మోసగాడు యంత్రములచేత రెండున్నర లక్షల దొంగ వినికిడులు చేర్చెనేని, వినికిడి విలువ ఎనిమిది పైసలకు దిగును. గాయనికి ఎనిమిది వందలే దక్కును. ఆమె శ్రోతలలో ఒక్కరును తగ్గలేదు. కంపెనీ నష్టపోలేదు. ఆమె రెండు వందలు పోయినవని ఆమెకే తెలియదు.

ఇది ఊహ మాత్రమే కాదు. 2021లో ఫ్రాన్సునందలి వినికిడులలో నూటికి ఒకటి మొదలు మూడు వరకు కల్పితములని ఆ దేశపు జాతీయ సంగీత కేంద్రము 2023లో ప్రకటించెను. 2024 మార్చిలో డెన్మార్కు న్యాయస్థానము ఇట్టి మోసమునకు ఒకనికి శిక్ష విధించెను. అదే సంవత్సరము సెప్టెంబరులో న్యూయార్కులో మరొకనిపై అభియోగము దాఖలైనది. కృత్రిమ మేధ కల్పించిన లక్షలకొలది పాటలను యంత్రములచేత వినిపించి, కోటి డాలర్లకు పైగా రాయల్టీ కాజేసెనని ఆరోపణ. పాటలు లక్షలకొలది యేల? ఒక్క పాటకే కోట్ల వినికిడులు వచ్చిన అనుమానము కలుగును. లక్షల పాటలకు కొలదికొలదిగా వచ్చిన నెవరును గమనింపరు.

మోసమునకు విరుగుడుగా వచ్చినవానిలో కొన్ని పేదవానికే తగిలినవి. పండ్రెండు నెలలలో వేయి వినికిడులైన లేని పాటకు రికార్డు రాయల్టీ లేదని స్పాటిఫై 2024లో నియమము చేసెను. చిల్లర మొత్తములు కళాకారులకు చేరకయే పోవుచున్నవనియు, ఇది మోసమును కూడ అరికట్టుననియు సమర్థన. కాని పాటకు వేయి వినికిడులు పొందుట తమిళనాటనో, ఒడిశాలోనో ఒక చిన్న తెలుగు భజన బృందమునకు సులభము కాదు. దొంగను వడగట్టు జల్లెడలో నూకలతోబాటు సన్నబియ్యమును జారిపోవుచున్నవి.

వేరొక మార్గమును కలదు. 2021లో సౌండ్‌క్లౌడ్ ప్రవేశపెట్టిన పద్ధతిలో, ఒక శ్రోత వలన వచ్చిన సొమ్ము అతడు విన్న కళాకారులకే చెందును. అప్పుడు మోసగాడు తన దొంగ ఖాతాకు కట్టిన చందాలో కొంత మాత్రమే తిరిగి పొందును. పరుల సొమ్ము వానికి చిక్కదు. అన్ని కంపెనీలును దీని నవలంబింపలేదు.

ప్రవాసాంధ్ర సంఘములు చేయదగిన పనులును లేకపోలేదు. ప్రతి రికార్డుతో రచయిత, స్వరకర్త, గాయకుల పేర్లు సరిగా నమోదు చేయించవలెను. సొమ్ము కిన్ని వినికిడులు తెత్తుమను వారిని దరి జేరనీయరాదు. అట్టి బేరమున నిజమైన పాటయే తొలగింపబడు ప్రమాదము కలదు.

బూర్జే తన సొమ్ము తినువానిని కాఫీశాలలో కన్నులారా చూచి నిలదీసెను. నేటి గాయకునకు ఆ భాగ్యము లేదు. కావున లెక్క యెట్లు కట్టబడుచున్నదో తెలిసికొని అడుగుటయే అతడు చేయగల మొదటి వ్యాజ్యము.