కొండదారికి చేతికఱ్ఱ



తిరుమలకు అలిపిరి మార్గమున 3,550 మెట్లు గలవు. అందు మిక్కిలి నిటారైన చోటికి మోకాళ్ల పర్వతమని పేరు. నా ముప్పదవ యేట నేనా దారి నెక్కుచుండగా ఒక పెద్దాయన తన రెండు కఱ్ఱలలో నొకటి నాకీయబోయెను. “కఱ్ఱ ముసలివారికి గదా, తాతగారూ!” అని నవ్వి వదలితిని. ఎక్కునపుడు బాధ తెలియలేదు. దిగునపుడు మోకాళ్లు పట్టుకొనిపోయెను; పదిదినములు నేలపై కూర్చుండలేకపోతిని. నాటినుండి కఱ్ఱ చరిత్ర నాకు ప్రియమైనది.

కఱ్ఱ వార్ధక్యపు గుర్తని మనము తలంతుము. చరిత్ర యట్లు చెప్పదు. ఐరోపాలో ఆల్ప్స్ పర్వతములందు మాంట్ బ్లాంక్ శిఖరము సుమారు 15,770 అడుగుల యెత్తుగలది. 1786 ఆగస్టు 8వ తేదీన పక్కార్ అను వైద్యుడును, స్ఫటికములు వెదకి జీవించు బాల్మా అను వాడును దాని మొదట నెక్కిరి. ఒకనికి 29 ఏండ్లు, ఒకనికి 24. వారికి త్రాడు లేదు, మంచుగొడ్డలి లేదు. ఇనుప ములుకుగల పొడవాటి కఱ్ఱలే యాధారము. పందొమ్మిదవ శతాబ్దిలో ఆ కఱ్ఱయు గొడ్డలియు నొకటియై మంచుగొడ్డలి యేర్పడెను. 1970 తరువాతి దశకమున, మంచుపై జారువారి కఱ్ఱలను చూచి, ఒకదానిలో నొకటి దూరు అల్యూమినియము గొట్టముల కఱ్ఱలు వచ్చెను. పిదప కార్బను నారవి వచ్చెను. అల్యూమినియము వంగును, కార్బను తేలిక, కాని ప్రక్కదెబ్బకు విఱుగును.

1999లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, జంటకఱ్ఱలతో పల్లమునకు దిగునపుడు మోకాలిపై భారము నూటికి 12 మొదలు 25 వంతుల వఱకు తగ్గినట్లు తేలెను. నా మోకాళ్లు ముందే చెప్పిన మాట అది!

కఱ్ఱ మాఱినను పద్ధతి మాఱలేదు. చదునుపై నిలిచి పట్టినపుడు మోచేయి మూలమట్టముగ వంగవలెను. ఎక్కునపుడు కొంత పొట్టిగను, దిగునపుడు కొంత పొడవుగను పట్టవలెను. దిగునపుడు ముందు కఱ్ఱ, పిదప కాలు. పట్టెడ యున్నచో చేతిని క్రిందినుండి దూర్చి పట్టవలెను. అపుడు భారము మణికట్టుపై నిలుచును, వ్రేళ్లు అలయవు.

వెదురు కఱ్ఱయైనచో ముదిరిన గట్టి వెదురును నీడన నారబెట్టి, ఇనుప పొన్ను తొడిగింపుడు. తడినేలపై నుంచకుడు. పొడి రాలుచున్నచో పురుగు పట్టినదని యెఱుగుడు. దానిని నమ్మి కొండ యెక్కకుడు. గొట్టపుకఱ్ఱను వాడిన పిదప భాగములు విడదీసి తుడిచి యారబెట్టవలెను. నూనె పూసినచో బిగింపు జారును.

పెద్దలారా, మీ మనుమడు కొండకు బయలుదేరునపుడు కఱ్ఱ నిండు. వాడు నవ్వినచో మాంట్ బ్లాంక్ నెక్కిన యిరువది నాలుగేండ్ల బాల్మా కథ చెప్పుడు. నాకాకథ చెప్పినవారు లేకపోయిరి. సెలవు.