శతఘ్ని - ఫిరంగి - తోపు

విజయవాడకు ఆగ్నేయంగా సుమారు 70 కిలోమీటర్ల దూరంలో బందరు కోట శిథిలాలు నేటికీ ఉన్నవి. 1759లో ఈ కోట ఫ్రెంచివారి స్వాధీనంలో ఉండగా కర్నల్ ఫోర్డు నాయకత్వాన ఇంగ్లీషు సైన్యం దానిని ముట్టడించినది. రెండు రోజులకు సరిపడే మందుగుండు మాత్రమే మిగిలిన దశలో, ఏప్రిల్ 7వ తేదీ రాత్రి, ఫోర్డు సైనికులు కోటపై విరుచుకుపడినారు. చుట్టూ ఉన్న బురద నేల ఫ్రెంచివారిని కాపాడలేదు. తెల్లవారేసరికి కోటతోపాటు నూరుకు పైగా ఫిరంగులు ఇంగ్లీషువారికి చిక్కినవి.

ఈ వృత్తాంతాన్ని తెలుగులో వ్రాసేవారు ఆ ఆయుధాన్ని ఒకచోట ఫిరంగి అంటారు, మరొకచోట శతఘ్ని అంటారు. ఫిరంగుల దళానికి పాత వాడుకలో తోపుఖానా అని పేరు. ఇవన్నీ పర్యాయపదాలేనని విద్యార్థి అనుకుంటాడు. నేటి వాడుకనుబట్టి అది సరియే. కాని ఈ మాటల పుట్టుక వేరు, కాలం వేరు.

ఫ్రాంకులనే ఐరోపా జాతి పేరును అరబ్బులు, పారశీకులు తమ ఉచ్చారణకు అనువుగా మార్చుకొని, ఐరోపావారందరికీ వర్తింపజేసినారు. అదే ‘ఫరంగ్’. ఆ జాతుల పేరు వారితో వచ్చిన వాటికి కూడ అంటుకొన్నది. 16వ శతాబ్దపు ఆయుర్వేద గ్రంథం భావప్రకాశంలో, ఐరోపావారితో వచ్చిన ఒక వ్యాధికి ‘ఫిరంగ రోగం’ అని పేరు. బాబరు తన ఆత్మకథలో ఒక రకం తోపును ‘ఫరంగీ’ అన్నాడు. తెలుగులో ఆ పేరు ఆయుధానికే స్థిరపడినది. బందరుకు 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు, 1669లో ఫ్రెంచివారు వచ్చినారు. బందరు అన్న మాట కూడ రేవు అనే అర్థంగల పారశీక పదమే.

తోపు తుర్కీ పదం. ఇస్తాంబుల్ నగరంలోని తోప్‌కాపీ అనే రాజభవనం పేరుకు ‘ఫిరంగి ద్వారం’ అని అర్థం. తుపాకి కూడ తుర్కీ నుండి వచ్చినదే. మామిడి తోపులోని తోపు మాత్రం వేరు. అది ద్రావిడ పదం.

ఇక శతఘ్ని. నూరుగురిని చంపునది అని దీని అర్థం. రామాయణంలోని అయోధ్యా వర్ణనలో ఈ మాట ఉన్నది. కౌటిల్యుని అర్థశాస్త్రం దీనిని చలయంత్రాలలో చేర్చినది. కోటగోడపై నిలిపిన, వాడి మొనలు దిగగొట్టిన పెద్ద స్తంభమని వ్యాఖ్యానం చెపుతున్నది. అందులో నిప్పు లేదు, గొట్టం లేదు.

ఫిరంగికి మందు ప్రాణం. సుమారు 75 పాళ్ళు సురేకారం, 15 పాళ్ళు బొగ్గు, 10 పాళ్ళు గంధకం కలిపితే తుపాకిమందు తయారగును. వేడికి సురేకారం ప్రాణవాయువు నిస్తుంది. దానితో బొగ్గు, గంధకం క్షణంలో మండుతవి. అప్పుడు పుట్టిన వేడి వాయువులు గొట్టంలో ఇమడలేక గుండును ముందుకు తోస్తవి. ఈ మిశ్రమాన్ని చైనావారు సుమారు 9వ శతాబ్దంలో కనుగొన్నారు.

కొత్త వస్తువుకు పాత పేరు పెట్టడం తప్పు కాదు; అది అన్ని భాషలలోనూ ఉన్నదే. పేరు పాతది గనుక వస్తువు కూడ పాతదే అనుకోవడం తప్పు. శతఘ్ని అన్న మాట కనబడినప్పుడు విద్యార్థి రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఈ వాక్యం ఏ కాలానిది? అక్కడ మందుగుండు ఉన్నదా? బందరు కోటలోని శతఘ్ని పేలినది. అయోధ్య కోటలోని శతఘ్ని పేలినదనుటకు ఆధారం లేదు.