వాతావరణ లక్ష్యాలు, ప్రభుత్వ జవాబుదారీతనం: నెల్లూరు తీరం

పర్యావరణం, వాతావరణ మార్పుల విషయంలో ఇచ్చిన మాటకు ప్రభుత్వాలను లెక్క అడిగిన చరిత్ర నెల్లూరు తీరంలో ప్రధానంగా రొయ్యల చెరువుల వివాదం నుంచి సాగుతుంది. అంతకుముందు శతాబ్దాల్లో తుపాను వచ్చినా, పెన్న పొంగినా తీరవాసులు పాలకులను ఎక్కువగా అడిగింది శిస్తు మాఫీ, తక్షణ సాయం.

1991 ఫిబ్రవరిలో కేంద్రం తీరప్రాంత నియంత్రణ జోన్ (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్ జారీ చేసింది. అది కాగితంపై ఉండగానే కండలేరు ఉప్పుటేరు వెంట రొయ్యల చెరువులు విస్తరించాయి. తమిళనాడు గాంధేయవాది, గ్రామ స్వరాజ్య ఉద్యమ నాయకుడు ఎస్. జగన్నాథన్ 1994లో సుప్రీంకోర్టును ఆశ్రయించారు. కోర్టు ఆదేశంపై నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ బృందం 1995లో ఆంధ్ర, తమిళనాడు తీరాలను పరిశీలించింది. నెల్లూరు జిల్లా కుర్రు గ్రామంలో భూగర్భజలం ఉప్పుబారి 600 మంది మత్స్యకారులకు తాగునీరు లేకుండా పోయిందని, ఆడవాళ్లు ఆందోళన చేశాకే ట్యాంకర్లు వచ్చాయని నమోదైంది. 1996 డిసెంబర్ 11న జస్టిస్ కుల్‌దీప్ సింగ్, జస్టిస్ సగీర్ అహ్మద్ సాహసోపేతమైన తీర్పు ఇచ్చారు. నియంత్రణ జోన్‌లో సంప్రదాయ చెరువులు తప్ప మిగతావి 1997 మార్చి 31లోగా తొలగించాలని, చిల్కా, పులికాట్ సరస్సులకు వెయ్యి మీటర్ల లోపల రొయ్యల సాగు కూడదని, కాలుష్యం చేసినవారే పరిహారం కట్టాలని ఆదేశించారు. 2005 నాటి తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం ఈ సాగును నియంత్రణ జోన్ నిషేధం నుంచి తప్పించడంతో తీర్పు పదును తగ్గింది.

తర్వాతి వివాదం బొగ్గుది. 2008లో కృష్ణపట్నం ఓడరేవు మొదలయ్యాక దాని చుట్టూ థర్మల్ కేంద్రాలు వెలిశాయి. 4,000 మెగావాట్ల అల్ట్రా మెగా ప్రాజెక్టు పనులు 2011లో ఆగింది ఇండోనేసియా బొగ్గు ధర పెరిగినందువల్లే. వాతావరణ కారణాలతో కాదు. ఇలాంటి ప్రాజెక్టులకు 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. అయితే సభ ఒక్కో ప్రాజెక్టుకు విడిగా జరుగుతుంది కాబట్టి, తీరంలోని పొగగొట్టాలన్నిటి ఉద్గారాలను ఒకచోట పెట్టి అడిగే వీలు ఊరివాళ్లకు తక్కువ.

2008 నాటి జాతీయ వాతావరణ మార్పు కార్యాచరణ ప్రణాళికను అనుసరించి రాష్ట్రం కూడా తన ప్రణాళిక తయారుచేసుకుంది. 2022 ఆగస్టులో భారత్ పారిస్ వాతావరణ ఒప్పందం కింద తన హామీని సవరించింది. జీడీపీ ఉద్గారాల తీవ్రతను 2030 నాటికి 2005 స్థాయి నుంచి 45 శాతం తగ్గిస్తామని చెప్పింది. ఆ అక్టోబర్ 27న నేలటూరులోని దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలో 800 మెగావాట్ల మూడో యూనిట్ ప్రారంభమైంది. దీంతో దాని సామర్థ్యం 2,400 మెగావాట్లకు చేరింది.

ఇలాంటి హామీలపై కోర్టుల్లో ఫలితాలు మిశ్రమమే. వాతావరణ మార్పుపై ప్రభుత్వ చర్యలు చాలవంటూ ఉత్తరాఖండ్ బాలిక రిధిమా పాండే 2017లో వేసిన పిటిషన్‌ను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో కొట్టివేసింది. 2024 మార్చి 21న బట్టమేక పక్షుల సంరక్షణపై రంజిత్‌సింహ్ వేసిన కేసులో సుప్రీంకోర్టు, వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ 14, 21 అధికరణల కింద పౌరుల హక్కేనని గుర్తించింది. ఈ హక్కును అమలుచేసే ప్రత్యేక వాతావరణ చట్టాన్ని మాత్రం పార్లమెంటు ఇంకా చేయలేదు.