గుండెలోని నాలుగు చారలు

1880 తరువాతి సంవత్సరములలో ఇంగ్లండునందలి వుల్వర్‌హాంప్టన్ పట్టణమున ఛార్లెస్ మాక్మన్ అను వైద్యుడు తన గుఱ్ఱపుసాలపై గడ్డి దాచు అటుకను ప్రయోగశాలగా చేసికొనెను. రోగులను చూడగా మిగిలిన వేళలలో సూక్ష్మదర్శినికి వర్ణపటదర్శినిని అమర్చి, జంతువుల గుండెలను, కండరములను, తుదకు కీటకముల మాంసమును పరీక్షించుచుండెను. పలుచని మాంసము గుండా వచ్చిన కాంతిలో కొన్ని నల్లని చారలు కానవచ్చెను. అవి హీమోగ్లోబిన్ చారలు కావు. హీమోగ్లోబిన్ లేని కీటకములందును అవి యుండెను. ఇది శ్వాసక్రియకు చెందిన వర్ణద్రవ్యమని 1886లో ఆయన ప్రకటించెను.

జర్మనీలో ఆనాడు శరీర రసాయనశాస్త్రమునకు పెద్దదిక్కు హోప్పె-జైలర్. మాక్మన్ చూచినది హీమోగ్లోబిన్ చెడగా ఏర్పడినదే యని ఆయన వాదము. ఇక చర్చ అనవసరమని 1890లో తన పత్రికలో వ్రాసి తలుపు మూసెను. మాక్మన్ వైపును లోపము లేకపోలేదు. ఆ ద్రవ్యమును వేరుపరుపబోయి ఆయన చేసిన రసాయనిక ప్రయోగములు బలహీనములు. కాని కంటితో చూచిన చారలు కల్ల కావు గదా! లోకము పెద్దవాని మాటకే తలయొగ్గెను. 1911లో మాక్మన్ కన్నుమూసెను.

కేంబ్రిడ్జిలో డేవిడ్ కీలిన్ పరాన్నజీవులను శోధించువాడు. గుఱ్ఱముల కడుపులో పెరుగు ఒక జాతి ఈగ పురుగులలోని హీమోగ్లోబిన్ ఏమగుచున్నదో వెదకుచు, ఎదిగిన ఈగ కండరములలో నాలుగు చారలను చూచెను. పిదప ఈస్టు కలిపిన నీటిని గాలితో కుదుపగా చారలు మాయమయ్యెను. కదపక నిలుపగా మరల కనబడెను. శ్వాసక్రియ కన్నులయెదుటనే జరుగుచుండెను! 1925లో ఆయన ఈ ద్రవ్యములకు సైటోక్రోములని పేరిడి, మాక్మన్ ముందే వానిని చూచెనని చాటెను.

సైటోక్రోములు మైటోకాండ్రియా అను సూక్ష్మకోశములలోని మాంసకృత్తులు. ఆహారమునుండి వచ్చిన ఎలెక్ట్రానులను ఒకదాని కొకటి అందించుచు ప్రాణవాయువునకు చేర్చును. అందువలన పుట్టు శక్తి ఏ.టి.పి.గా నిలువయగును, దానిని 1929లో వేరుచేసినవారిలో మన యల్లాప్రగడ సుబ్బారావుగారొకరు. విశ్రాంతి యెఱుగని గుండెకణములో దాదాపు మూడవవంతు ఈ కోశములే. కాని కొన్ని ఎలెక్ట్రానులు దారితప్పి ప్రాణవాయువును తీక్ష్ణరూపమునకు మార్చును. ఆ తీక్ష్ణత నణచు ఎంజైమును 1969లో మెకార్డ్, ఫ్రిడోవిచ్ గుర్తించిరి.

గుండెపోటులో మూసికొనిన నాళమును తెఱచి రక్తము మరల పంపుట తప్పనిసరి. ప్రాణములు నిలుచుట దానివలననే. అయినను, ప్రాణవాయువు హఠాత్తుగా తిరిగివచ్చు ఆ నిమిషములలో తీక్ష్ణరూపములు వెల్లువై కార్డియోలిపిన్ అను కొవ్వును చెఱచును. మేరీ పాంగ్‌బోర్న్ 1942లో దీనిని ఎద్దుగుండె నుండియే వేరుచేసెను. సైటోక్రోము 'సి'ని పొరకు పట్టియుంచునది ఈ కొవ్వే. పట్టు తప్పి బయటపడిన సైటోక్రోము కణమును ఆత్మనాశనమునకు పురికొల్పునని 1996లో అమెరికాలో షియావోడాంగ్ వాంగ్ బృందము చూపెను. ఊపిరికి తోడ్పడునదే చావుకబురు మోయుచున్నది!

విటమిన్ 'ఇ' మాత్రలు ఈ తీక్ష్ణత నణచునని పలువురు ఆశించిరి. 9,500 మందికి పైబడిన వారిపై జరిగి 2000లో ప్రకటింపబడిన 'హోప్' పరీక్షలో గుండెపోట్లు తగ్గలేదు. మాత్ర రక్తములో చేరుట వేరు, కణములోని కోశపు లోపలిపొరకు చేరుట వేరు. ఆ పొరలోని కార్డియోలిపిన్‌నే అంటుకొను ఎలామిప్రెటైడ్ అను మందును నాళము తెఱచునప్పుడు ఇచ్చి చూచిరి. 2016లో అచ్చయిన ఫలితములలో, గుండెలో దెబ్బతిన్న భాగము దానివలనను తగ్గలేదు.